‘బొంకవచ్చు నఘము…’ తర్వాత పొందా, బొందా, వొందా?

దేవరకొండ: కోతి–మొసలి కథ మూడో తరగతి పిల్లలకు తిరగరాస్తున్నం. కోతి "గుండె చెట్టుమీదనే మరిచొచ్చిన" అనే దగ్గర, పోతన భాగవతంల శుక్రాచార్యుడు బలికి చెప్పిన ఆటవెలది పద్యం పెడదామని, ఆపదల బొంకినా పాపం లేదనేది. "ప్రాణవిత్తమానభంగమందు" యాదికుంది. ఆఖరి పాదంల "బొంకవచ్చు నఘము" తర్వాత ఏముండె?

గద్వాల: "వొంద దధిప". అఘము అంటే పాపం, ఇక్కడ ప్రథమ, అంటే అదే కర్త; దానిమీద గసడదవాదేశం, "పొంద"ల ప, వ అయితది. పాపం అంటుకోదని.

మిర్యాలగూడ: కర్త మనిషైతే? అఘమున్ ద్వితీయ, అంటే కర్మ; ద్రుతం (చివరి న్) మీద సరళం, ప కాస్తా బ అయితది. "అఘముఁ బొందఁ డధిప".

గద్వాల: "బొంకవచ్చు"ల కర్తే లేడు, ఆ "డు" యాడికెళ్లొచ్చింది సారూ?

పాలమూరు: అఘము జడం (ప్రాణం లేనిది) కాబట్టి ద్వితీయకు ప్రథమ రావొచ్చు, ప, వ అయ్యే ఆదేశమేమో బహుళం, అయినా కాకున్నా సరే. "అఘము పొందఁడు" కూడ నిలుస్తది. యతిని (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం) అడిగి లాభం లేదు, బొం‌కు పొం, బొం, వొం మూడూ చెల్లుతయి.
ఇంతకూ నన్నయ ముందే అన్నడు, ఆదిపర్వంల శర్మిష్ఠ నోట: "చను బొంకఁగఁ బ్రాణాత్యయమున", ప్రాణం మీదికొస్తే బొంకుడు చెల్లుతదని. ఆ "చను" అందం పోతనకు రాలే. "గోకుల" అని ఆవుల్ని మాత్రం కలిపిండు.

మిర్యాలగూడ: కలిపింది పోతన కాదన్నా, సంస్కృత భాగవతంలనే "గోబ్రాహ్మణార్థే" ఉంది. చివర "నానృతం స్యాజ్జుగుప్సితమ్", అబద్ధం నిందించదగ్గది కాదని. అక్కడ కర్త అబద్ధమే, మనిషీ కాదు, పాపమూ కాదు!

దేవరకొండ: సార్లూ, నా కోతి నది నడుమనే ఉంది.

నకిరేకల్: పద్యం సంగతి తర్వాత, వరుస చూడున్రి. మొసలి గుండె సంగతి నడినీళ్లల్ల బయటపెట్టాలె. కోతి ముందు "అట్లనే" అని ఒప్పుకోవాలె, తర్వాత "ఒడ్డునే చెప్తే తెద్దును గద" అని తప్పు మొసలి మీదికి నెట్టాలె, గుండె మాట అప్పుడు. ముందే "గుండె లేదు" అంటే మొసలికి అనుమానమొస్తది. కుందేలు–సింహం కథల ఆలస్యం ముందు, సాకు తర్వాత, బావి ఆఖరుకు. నీళ్లల్ల నీడ కనబడకుంటే సాకు నిలువదు. అబద్ధమాడినా అతికినట్టుండాలె.
ఇంకోటి, ఆ పద్యం విన్న బలి ఒప్పుకోలే, మాట తప్పనని "కారే రాజులు" పద్యం చెప్పిండు. అది కోతి పక్కన పెడితే, పెద్ద పిల్లలు రేపు అదే అడుగుతరు.

పాలమూరు: "కారే రాజులు" ముందర ఏ పద్యం నిలుస్తది! పుస్తకంల అనంతామాత్యుని ఆవు–పులి గిన ఉంటే ఇంకా చిక్కు, ఆవు బొంకకనే బతికింది.

గద్వాల: అవన్నీ సరే. "పొందఁడు" అన్నోళ్లు ఏ అచ్చుప్రతి చూసిన్రు? దాంట్ల డకారం ముందర అరసున్న ఉందా?