పొలం పనికి, ఫుడ్ ప్లాంటు పనికి మన పిల్లల్ని విదేశాలకు పంపొచ్చా?

గాజువాక:
మా మేనల్లుడు ఇంటర్ పాసయ్యాడు. దువ్వాడ దగ్గర రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ లైన్ మీద చేస్తున్నాడు. ఈమధ్య ఒక ఏజెంటు తగులుకున్నాడు. కెనడాలో మాంసం ప్లాంటులో ఉద్యోగం, 'అగ్రి ఫుడ్ పైలట్' కింద ఏడాదిలో పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి), మొత్తం తొమ్మిది లక్షలు అంటున్నాడు. మా అక్క ఇంటి స్థలం అమ్మేసైనా పంపుతానంటోంది. అసలు ఇలాంటి పనులకు మనవాళ్లు వెళ్లడం మంచిదా కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొమ్మాది:
కాగితాలు సరిగ్గా ఉంటే పంపేయండి అండీ. ఇక్కడ ఏముంది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ముందు దెబ్బ తగిలింది రొయ్యలకే. ఆర్డర్ తగ్గితే ఎక్స్‌పోర్టరు షిఫ్టు తగ్గిస్తాడు, షిఫ్టు తగ్గితే పోయేది కూలీవాడి రోజు.

ఉత్తరాంధ్రకు వలస కొత్తా? శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ దాకా పోయి బోట్లెక్కుతారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లను పాకిస్తాన్ పట్టుకుపోతే 2020 జనవరి దాకా జైల్లో మగ్గారు. ఇంట్లోవాళ్లు ఎంత ఏడ్చారో మనకు తెలుసు. పక్క రాష్ట్రంలో పనికే అంత రిస్కు ఉన్నప్పుడు, గంటల లెక్కన డాలర్లు ఇచ్చే చోటికి వెళ్తానంటే వద్దనడానికి మనమెవరం?

తాటిచెట్లపాలెం:
వద్దని నేనూ అనను. కానీ గాజువాక గారూ, ముందు ఒక విషయం వినండి. ఏజెంటు చెప్పిన ఆ అగ్రి ఫుడ్ పైలట్ 2025 మే 14తో మూతపడింది. లేని స్కీముకు తొమ్మిది లక్షలు అడుగుతున్నాడు.

అది నడిచిన రోజుల్లో కూడా ఇక్కడి నుంచి నేరుగా అప్లై చేసే వీలు లేదు. 2020 మేలో మొదలైన ఆ స్కీముకు, అప్పటికే కెనడాలో టెంపరరీ పర్మిట్ మీద కనీసం ఏడాది పని చేసి ఉండాలి. అదీ సీజన్ పని కాకూడదు. మాంసం ప్లాంట్లు, గ్రీన్‌హౌస్‌లు, పుట్టగొడుగుల ఫారాలు, పశువుల పెంపకం, ఇవే ఉండేవి. చేపలు, రొయ్యల ప్రాసెసింగ్ ఆ జాబితాలోనే లేదు.

మీ మేనల్లుడి అనుభవానికి పనికొచ్చే దారి వేరే ఉంది, ఏజెంట్లు దాని ఊసెత్తరు. కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా, న్యూ బ్రున్స్‌విక్ లాంటి నాలుగు రాష్ట్రాలకు కలిపి అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రాం అని ఒకటుంది. అక్కడ సీఫుడ్ ప్లాంట్లు ఎక్కువ. గత ఐదేళ్లలో 1,560 గంటల అనుభవం కావాలి, అది మన దేశంలో చేసిందైనా సరే. ఇంటర్ సర్టిఫికెట్ అక్కడి స్థాయికి సరిపోతుందని వాళ్లు గుర్తించిన సంస్థతో రాయించుకోవాలి. భాషా పరీక్షలో సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయిల కొలత) 4 చాలు, పెద్ద స్కోరు కాదు. రాష్ట్రం గుర్తించిన కంపెనీ ఆఫర్ ఇవ్వాలి, ఆ ఆఫర్‌ను రాష్ట్రం ఆమోదించాలి.

మెలిక ఎక్కడుందంటే, కెనడా ఉద్యోగాలన్నిటినీ టీర్ 0 నుంచి టీర్ 5 దాకా మెట్లుగా విడదీసింది. ప్లాంటులో కత్తి పట్టి కోసి శుభ్రం చేసేవాళ్లు, మెషిన్ నడిపేవాళ్లు టీర్ 4. అదే షెడ్డులో ట్రేలు మోసే హెల్పర్లు, ప్యాకింగ్ చేసేవాళ్లు టీర్ 5. ఈ ప్రోగ్రాంలో టీర్ 5కి పీఆర్ లేదు. ఆఫర్ లెటర్‌లో పని పేరు ఒక్కటి మారితే జీవితమే మారిపోతుంది. అందుకే లెటర్ చేతికి రాకముందే రూపాయి కట్టడం తప్పు. ఆ మాటకొస్తే ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర లక్షలు గుంజడం అక్కడా తప్పే, ఇక్కడా తప్పే.

కొమ్మాది:
కెనడా ఒక్కటేనా? 2023 నవంబర్‌లో ఇటలీతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది కదా. సీజన్ పనివాళ్లకు 2025లో మనకంటూ 5,000 కోటా ఇచ్చారు. ప్రభుత్వాల మధ్య ఒప్పందం కన్నా గ్యారంటీ ఏం కావాలి?

తాటిచెట్లపాలెం:
కోటా ఇచ్చారు, నిజం. కానీ 2024 జూన్‌లో అదే ఇటలీలో, లాటినా ప్రాంతంలో ఒక పంజాబీ కూలీకి పొలంలో మెషిన్‌లో ఇరుక్కుని చెయ్యి తెగిపోతే, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. తర్వాత చనిపోయాడు. చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

కొమ్మాది:
ఆయనకు పర్మిట్ లేదండీ. అందుకే కదా నేననేది, సక్రమమైన దారి తెరిస్తేనే ఇలాంటివి ఆగుతాయి.

తాటిచెట్లపాలెం:
సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఏమిటంటే, అక్కడ చాలామంది సక్రమమైన వీసాతోనే దిగుతారు. వీసాకు పిలిచిన యజమాని తీరా వెళ్లాక కాంట్రాక్టు మీద సంతకం పెట్టడు. దాంతో పర్మిట్ రాదు, మనిషి అక్రమం అయిపోతాడు. కెనడాలో కూడా మామూలు పర్మిట్ ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది. ఆయనతో గొడవ పడితే పనీ పోతుంది, వేరే యజమాని, కొత్త పర్మిట్ దొరక్కపోతే తిరిగి రావాల్సిందే. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఈ పద్ధతి ఆధునిక బానిసత్వానికి తావిస్తోందని మొహం మీదే చెప్పాడు. వేధింపులు ఉంటే యజమానిని మార్చుకునే ఓపెన్ పర్మిట్ 2019 నుంచి ఉంది. కానీ ఆ సంగతి మన కుర్రాడికి చెప్పేదెవరు?

అమెరికా కథ కూడా చెప్పేస్తాను. పొలం పనికి హెచ్-2ఏ, రొయ్యలు, పీతల ప్లాంట్ల సీజన్ పనికి హెచ్-2బీ. మొదటిదానికి సంఖ్యా పరిమితి లేదు, రెండోదానికి ఏడాదికి 66,000. రెండూ గ్రీన్ కార్డుకు దారి తీయవు. బ్రిటన్ సీజనల్ వీసా ఆరు నెలలే, కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. వెళ్లి నాలుగు డబ్బులు తెచ్చుకుంటానంటే సరే. 'సెటిల్ అయిపోవచ్చు' అని చెప్పి స్థలం అమ్మించేవాడి మాట మాత్రం నమ్మకండి.

పీలింగ్ సెక్షన్:
నేను ప్లాంటులోనే చేస్తాను. మీరంతా వీసాల గురించి మాట్లాడుతున్నారు, లోపల పని గురించి ఎవరూ చెప్పలేదు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. షిఫ్టంతా నిలబడే ఉండాలి. ఐసు నీళ్లలో ఉన్న రొయ్య తల తీసి, వీపు చీల్చి, నల్ల నరం లాగాలి. గ్లౌజు లోపల వేళ్లు తెల్లగా నాని ముడతలు పడిపోతాయి. ఇంటికెళ్లాక అన్నం కలుపుకుంటే గోళ్ల సందుల్లో మంట. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లమే. ఏజెంట్లు మాత్రం మగపిల్లల దగ్గరికే వస్తారు. పని మేం నేర్చుకున్నాం, దారి వాళ్లకా?

గాజువాక:
అమ్మా, మీరన్నది నిజం. మావాడు కూడా చేతులు చూపించి అదే చెప్తాడు. తాటిచెట్లపాలెం గారూ, మరి ఏజెంటు అసలువాడో నకిలీవాడో ఎలా తేల్చుకోవాలి?

తాటిచెట్లపాలెం:
లైసెన్సు నంబర్ అడగండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే తెలిసిపోతుంది. లైసెన్సు ఉన్నవాడు కూడా సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. తొమ్మిది లక్షలు ఎక్కడ, ముప్పై వేలు ఎక్కడ!

ఇంకో చిక్కుంది. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) పడదు. పడినా ఆ తనిఖీ గల్ఫ్, మలేషియా లాంటి 18 దేశాలకే. అంటే దుబాయ్ వెళ్లే చదువురాని మేస్త్రీ కాంట్రాక్టును ప్రభుత్వం చూస్తుంది, తప్పనిసరిగా బీమా చేయిస్తుంది. కెనడాకో ఇటలీకో వెళ్లే ఇంటర్ కుర్రాడి కాంట్రాక్టును ఎవరూ చూడరు. చదువుకున్నాడు కాబట్టి మోసపోడని అనుకోవడమే. 2024 మేలో కంబోడియా నుంచి విశాఖ ఎయిర్‌పోర్టులో దిగిన మన పిల్లలు చదువుకున్నవాళ్లే కదా. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు.

నా కోపమంతా ఇక్కడే. మన రాష్ట్రానికి విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే సొంత సంస్థ ఓంక్యాప్ ఉంది. రొయ్యల ఎగుమతిలో పేరున్న మన విశాఖ నుంచి సీఫుడ్ పనివాళ్లను, ఆడవాళ్లతో సహా, ఆ సంస్థే ఎందుకు పంపకూడదు? పని పేరు, మెట్టు, జీతం, యజమానిని మార్చుకునే హక్కు, అన్నీ తెలుగులో రాసి చేతికివ్వాలి. ఆ పని జరిగేదాకా ప్రైవేటు ఏజెంటు చేతిలో మన పిల్లల్ని పెట్టకూడదు.

కొమ్మాది:
ప్రభుత్వం చేసేదాకా ఆగితే మావాళ్లకు వయసు దాటిపోతుంది. అట్లాంటిక్ దారికి ఏజెంటుతో పని లేనప్పుడు నేరుగా కంపెనీలకే రాసుకోవచ్చుగా. ఏ కంపెనీలకు గుర్తింపు ఉందో ఆ రాష్ట్రాల వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు.

పీలింగ్ సెక్షన్:
రాసుకోవచ్చు అన్నా. కానీ 1,560 గంటలు చేశామని ఏం చూపిస్తాం? మాలో చాలామందిమి కాంట్రాక్టరు కింద ఉన్నాం. పే స్లిప్పు ఉండదు, లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడిగితే రేపు రమ్మంటారు. కొందరికి పీఎఫ్ కూడా కట్టరు. గాజువాక అన్నయ్యా, మీ మేనల్లుడికి పీఎఫ్ నంబర్ ఉందేమో ఈరోజే చూడమనండి, పాస్‌బుక్‌లో నెలలన్నీ పడ్డాయో లేదో కూడా. మా లైన్‌లో మేం రేపటి నుంచి సూపర్‌వైజర్‌ను స్లిప్పులు అడుగుతున్నాం.