గ్రహణం చార్టులో రాహువు బొమ్మ వేస్తే రెండు మార్కులు కోయడం న్యాయమేనా?

నాచారం నాన్న:
మా అమ్మాయి ఏడో తరగతి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం అయ్యాక స్కూల్లో దాని మీద ప్రాజెక్టు ఇచ్చారు. టార్చి సూర్యుడు, ప్లాస్టిక్ బంతి భూమి, నిమ్మకాయ చంద్రుడు. మోడల్ బాగానే వచ్చింది. చార్టులో ఒక మూల చంద్రుణ్ణి నోట కరుచుకున్న రాహువు బొమ్మ వేసి, కింద 'మా నానమ్మ చెప్పిన కథ' అని రాసింది. టీచరమ్మ పదికి ఎనిమిది వేసి, బొమ్మ తీసేయమన్నారు. మీరేమంటారు?

పాత సైన్సు మాస్టారు:
సరిగ్గానే చేశారు. ముప్పై ఏళ్ళు ప్రైవేటు బళ్ళలో సైన్సు చెప్పినవాణ్ణి. ఏడో తరగతిలో చాలామంది నెలవంక కూడా భూమి నీడ వల్లే అనుకుంటారు. ఆ ముడి విప్పేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. ఆ తర్వాత అసలు ప్రశ్న: ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి, భూమి తిరిగే దారికి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంది. అందుకే చాలా పౌర్ణములకు నీడ పైనుంచో కిందనుంచో జారుకుంటాడు. ఇంత చెప్పాక మధ్యలో తెగిన తల ఒకటి దేనికి?

పంచాంగం పిచ్చోడు:
ఆ 5 డిగ్రీల దగ్గరే రాహువు ఉన్నాడు మాస్టారూ! రెండు గాజులు తీసుకుని, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఒకదాన్ని కాస్త వంచండి. రెండంటే రెండు చోట్ల దాటుకుంటాయి. ఆ రెండు చోట్ల పేర్లే రాహువు, కేతువు. పౌర్ణమి వాటి దగ్గర పడితేనే చంద్రగ్రహణం. మొన్నటిది పంచాంగాల్లో 'రాహుగ్రస్త' అని ఊరికే రాయలేదు. ఆ రెండూ వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతాయి.

తొమ్మిదో అంతస్తు:
మా వాడికి పదికి నాలుగొచ్చాయి. నేనెక్కడ పోస్టు పెట్టుకోను?

పాత సైన్సు మాస్టారు:
గాజులు బాగున్నాయి, రేపు నేనూ వాడతా. కానీ ఆ పిల్ల వేసింది గాజులు కాదు, కోరలు. కోరల్లో 5 డిగ్రీలు ఎక్కడున్నాయో చూపించండి.

పంచాంగం పిచ్చోడు:
5 కాదు, 5.1.

పాత సైన్సు మాస్టారు:
సుమారు అన్నాను. చదవడం వచ్చా?

కూకట్‌పల్లి:
మేం చిన్నప్పుడు ఎక్స్‌రే ఫిల్ములోంచి చూసేవాళ్ళం. ఏం కాలేదు.

పాత సైన్సు మాస్టారు:
పిల్లలు చదివే చోట అలా రాయకండి. సూర్యగ్రహణానికి దానికోసం చేసిన కళ్ళద్దాలే వాడాలి. చంద్రగ్రహణం మామూలు కళ్ళతో ఎంతసేపైనా చూడొచ్చు.

పంచాంగం పిచ్చోడు:
భూమి నీడ పడితేనే చంద్రగ్రహణం అని ఆర్యభటుడు 499లోనే రాశాడు. ఆయన కాలంలో ఇళ్ళల్లో రాహువు కథ లేదా? కథ వింటే లెక్క రాదన్నది మీ భ్రమ.

అత్తాపూర్ అక్క:
కథ ఒక్కటే రాదండీ, దాని వెనకే దర్భలొస్తాయి. 2020 జూన్ 21, ఆదివారం, సూర్యగ్రహణం. నాకు ఐదో నెల. పొద్దున పదింటి నుంచి ఒంటిగంటన్నర దాటేదాకా తలుపులేసిన గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. గుక్కెడు నీళ్ళివ్వలేదు. బయట మా మరుదులు పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి ఫోటోలు దిగుతున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి. రోకలి మామూలు రోజున కూడా నిలబడుతుందని తర్వాత నేనే నిలబెట్టి చూపించా. ఎవరూ ఫోటో తీయలేదు.

పంచాంగం పిచ్చోడు:
అమ్మా, అది ఆచారం. నేను మాట్లాడేది ఖగోళం.

అత్తాపూర్ అక్క:
మీకు వేరు వేరు. నాకు ఆ రోజు రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

పాత సైన్సు మాస్టారు:
అక్కగారు చెప్పింది నిజం. నాదీ చెప్పేస్తా. 1980 ఫిబ్రవరి 16. నాది ఏడో తరగతే. మా ఊరు ఇబ్రహీంపట్నం అవతల, ఉస్మానియా వాళ్ళ రంగాపూర్ అబ్జర్వేటరీకి దగ్గర్లోనే. సంపూర్ణ సూర్యగ్రహణం మా నెత్తి మీదుగా పోయింది. మా నాన్న తలుపులేసి, కిటికీకి తడిపిన గోనెసంచి కట్టాడు. నాకు తెలిసిందల్లా, పట్టపగలు పెరట్లో కోళ్ళు గూట్లోకి దూరిన చప్పుడు. అంతే. మళ్ళీ మన దేశంలో సంపూర్ణం చూడాలంటే 2034 మార్చి 20న లడఖ్ వైపు పోవాలి. నా మోకాళ్ళతో పోగలనా? ఆ తలుపేసింది కథ కాదా, నాచారం నాన్నగారూ? మీ అమ్మగారు మొన్న పిల్లని డాబా ఎక్కనిచ్చారా?

నాచారం నాన్న:
ఎక్కనివ్వడమా! తీసుకెళ్ళిందే మా అమ్మ. పదకొండు నుంచి పన్నెండుంబావు దాటేదాకా ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. చంద్రుడు రాగి చెంబు రంగుకొచ్చాడు. భూమి గాలిలోంచి వంగి వచ్చిన ఎర్ర వెలుతురు అది అని పిల్ల చెప్తే, మా అమ్మ ఈ కథ చెప్పింది. మీ నాన్న తలుపేశాడని మా అమ్మని అంటే ఎలా సార్?

మార్కులు పోతే పోనీ. చార్టు ఇంటికి తెచ్చి, రాహువు మీద వైట్‌నర్ పూసింది. 'మా నానమ్మ' అన్న మాట మీద కూడా. మా అమ్మ చూసింది, ఏమీ అనలేదు. నిన్న పిల్ల వేరే కథ అడిగితే 'మీ టీచర్ని అడుగు' అంది. నా బాధ అదీ. మొదట్లోనే రాయాల్సింది.

పాత సైన్సు మాస్టారు:
అది నాకు తెలీదు. అయినా సైన్సు చార్టు సైన్సు చార్టే.

నాచారం నాన్న:
మీరు మారరు.

పంచాంగం పిచ్చోడు:
చార్టు ఫోటో పెట్టండి, చూద్దాం.

నాచారం నాన్న:
పెట్టాను.

కూకట్‌పల్లి:
రెండు దారులూ ఒకే బల్లపరుపుగా గీసింది కదా. అలాగైతే నెలనెలా గ్రహణమే. మార్కులు అక్కడ పోయుంటాయి.

నాచారం నాన్న:
ఎర్ర పెన్ను రెండు చోట్లా ఉంది.

అత్తాపూర్ అక్క:
వైట్‌నర్ ఎండితే గోటితో గీకండి, వస్తుంది.