గడ్డిలో మాగవేసినా కొన్ని కాయలు పుల్లగానే ఎందుకు మిగులుతాయి?

ప్రశ్న – పెరటి మామిడి

గాలివానకు రాలిపోతాయన్న భయంతో మా పెరటి బంగినపల్లి చెట్టు కాయలను ఈసారి కొన్ని ముందుగానే కోశాము. మిగిలినవాటిని మూడు వారాలు ఆగి కోశాము. రెండు విడతలనూ ఒకే గదిలో, ఒకే తీరుగా వరిగడ్డిలో మాగవేశాము. రెండూ పసుపు తిరిగాయి గాని, మొదటివి తొక్క ముడుచుకొని పుల్లగా ఉండగా రెండవవి ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి. ఆ గడ్డిలోనే ఒక మూల పెట్టిన పుల్లని ద్రాక్ష గుత్తిలో నాలుగు రోజులైనా మార్పు లేదు. పండించేది ఇథిలీన్ హార్మోనే అయితే, అది అన్నిటిపైనా ఒకేలా ఎందుకు పనిచేయదు?

జవాబు – ఉద్యాన విద్యార్థి

ఇథిలీన్ తీపిని పుట్టించదు. కాయ అప్పటికే దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని మొదలుపెట్టమని కణాలకు కబురు మాత్రమే అందిస్తుంది. మీరు తొందరపడి కోసిన కాయల్లో ఆ నిల్వ నిండలేదు కనుక, కబురు అందగానే తొక్కలోని పత్రహరితం విరిగి పసుపు బయటపడినా, లోపల చక్కెరగా మారడానికి తగినంత సరుకు లేకపోయింది.

ఇథిలీన్ ఒక వాయువు. దాన్ని కాయే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, టమాటా వంటివాటిలో కొద్దిపాటి ఇథిలీన్ తగిలినా కణాలు మరింత ఇథిలీన్‌ను తయారుచేస్తాయి, అది పక్క కాయను తాకుతుంది, అక్కడా అదే తంతు మొదలవుతుంది. గడ్డి చేసేదల్లా కాస్త వెచ్చదనాన్నిచ్చి, ఆ వాయువు చెదరిపోకుండా కాయల చుట్టూ నిలపడమే. ఆపిల్ పండ్లు ఇథిలీన్‌ను విడుదల చేస్తాయని రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త 1934లో రుజువు చేశాడు. ఆ పేరు తెలియకుండానే మన ఊళ్లలో అరటి గెలలకు పొగ పెట్టి పండించేవారు. సరిగా మండని పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది.

జవాబు – ద్రాక్ష తోట

ద్రాక్షలో ఈ గొలుసు నడవదు. ద్రాక్షకు పిండి నిల్వ ఉండదు; తీపి ఎప్పటికప్పుడు ఆకుల నుంచి చక్కెర రూపంలోనే వస్తుంది. గుత్తిని కోసిన క్షణాన ఆ దారి మూసుకుపోతుంది కనుక, ఆ తరువాత ఎంత ఇథిలీన్ తగిలినా తీపి పెరగదు. తీగ మీద ఉండగా పండు మెత్తబడి రంగు తిరిగే దశలో ముఖ్య పాత్ర అబ్సిసిక్ ఆమ్లం అనే మరో మొక్క హార్మోన్‌ది. అంతవరకు పక్వతను వెనక్కి పట్టి ఉంచే ఆక్సిన్ అనే హార్మోన్ అప్పటికి తగ్గుముఖం పడుతుంది. మేము విత్తులేని రకాలపై చల్లే గిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పండు పరిమాణాన్ని పెంచడానికే గాని పండించడానికి కాదు. బత్తాయి, నారింజ కూడా కోసిన తరువాత తియ్యబడవు. ఇథిలీన్ గదిలో పెడితే పచ్చదనం పోయి రంగు వస్తుంది, కొనేవారు మోసపోయేది అక్కడే.

పెరటి మామిడి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే కాయ ముదిరిందని కోయకముందే గుర్తించడం ఎలా? కార్బైడ్ చేసే పని కూడా ఇదేనా?

జవాబు – ఉద్యాన విద్యార్థి

తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలోకి దిగినట్లు కనిపిస్తే కాయ ముదిరినట్లే. అనుమానముంటే ఒకటి కోసి నీటిలో వేయండి. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది.

కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే వెలువడేది ఎసిటిలీన్. అది ఇథిలీన్‌ను పోలిన అణువు కనుక కణాలను కొంతవరకు ఏమార్చగలదు, కాని దాని ప్రభావం చాలా బలహీనం. పైగా కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం సమ్మేళనాలు మలినాలుగా ఉంటాయి. అందుకే 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానితో పండ్లు మాగబెట్టడాన్ని నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం (పది లక్షల భాగాలకు 100 భాగాలు) వరకు అనుమతిస్తున్నారు.

మీ గడ్డిని కూడా రోజుకొకసారి విప్పి గాలి తగలనివ్వండి, ఎందుకంటే కాయలు వదిలే బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతే ఇథిలీన్ పనికి అడ్డుపడుతుంది. పచ్చి కాయలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. సుమారు 13 డిగ్రీల కంటే చల్లని చోట ఉంచితే మామిడి కాయ దెబ్బతిని, బయటికి తీసిన తరువాత కూడా సరిగా పండదు.