యుద్ధం గెలవని వైద్యుడు కొలెట్టిస్ రెండుసార్లు ప్రధాని ఎలా అయ్యాడు?

చింతాకు:
ఒట్టోమన్ తుర్కుల మీద జరిగిన గ్రీసు స్వాతంత్య్ర యుద్ధం చదివేవాళ్ళకి ఒక ప్రశ్న. ఇయోనిస్ కొలెట్టిస్ చదివింది వైద్యం. సేనాని కొలోకోత్రోనిస్‌లా యుద్ధాలు గెలిచినవాడు కాదు, హైడ్రా దీవి ఓడల యజమానుల్లా డబ్బున్నవాడూ కాదు. మరి పైకెలా వచ్చాడు? ఫ్రెంచి పార్టీ నాయకుడంటే ఫ్రాన్సులో చదివాడనా?

పాతనాణెం:
కాదండి, చదివింది ఇటలీలో, పీసాలో. ఫ్రాన్సు అండ చూసుకుని నడిచే వర్గం కాబట్టి ఫ్రెంచి పార్టీ అన్నారు. అలాగే మావ్రోకోర్దాతోస్‌ది ఇంగ్లీషు పార్టీ, మెతక్సాస్‌ది రష్యన్ పార్టీ.

వైద్యం మాత్రం బాగానే అక్కరకొచ్చింది. సొంతూరు ఎపిరస్‌లోని సిర్రాకో. చదువయ్యాక యానినాలో, అక్కడి ఒట్టోమన్ పాలకుడు అలీ పాషా కొడుకు ముఖ్తార్‌కి వైద్యుడయ్యాడు. ఆంద్రూత్సోస్, కరైస్కాకిస్ లాంటి రుమేలీ (గ్రీసు ఉత్తర ప్రధాన భూభాగం) సాయుధ దళాల నాయకులు కూడా అలీ పాషా కొలువు చేసినవాళ్ళే. ఎవరికెవరంటే పడదో, ఎవరు దేనికి లొంగుతారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉంటుందా?

గంటస్తంభం:
పరిచయాలు సరే, అసలు కీలకం జీతాలు. 1824 లండన్ అప్పు కాగితం మీద 8,00,000 పౌండ్లు. బాండ్లు నూటికి 59 చొప్పున అమ్మారు కాబట్టి లెక్కకొచ్చింది 4,72,000. అందులోంచి వడ్డీ, కమీషన్లు ముందే కోసేసుకున్నారు. మిగిలింది కుందురియోతిస్ నడిపే తిరుగుబాటు గ్రీకుల ప్రభుత్వం చేతికొచ్చింది, అందులో కొలెట్టిస్ ఉన్నాడు. 1824 చివర్లో రుమేలీ దళాలను జీతాల మీద, తమ ప్రభుత్వాన్ని ఎదిరించిన మొరియా (పెలొపొనీస్, గ్రీసు దక్షిణ ద్వీపకల్పం) మీదికి తోలాడు. ఊళ్ళు దోపిడీ అయ్యాయి, కొలోకోత్రోనిస్‌ని హైడ్రాలో బంధించారు. సరిగ్గా అప్పుడే, 1825 ఫిబ్రవరిలో, ఒట్టోమన్ల తరఫున ఈజిప్టు సేనతో ఇబ్రహీం పాషా మొరియా తీరంలోని మెథోనీలో దిగాడు. ఎదిరించే దిక్కులేక కొలోకోత్రోనిస్‌నే విడిచి సేనాధిపత్యం ఇవ్వాల్సి వచ్చింది. కొలెట్టిస్ మీద ఇంతకన్నా పెద్ద మచ్చ లేదు.

పాతనాణెం:
ఒప్పుకుంటాను. ఇంకోటి, ప్రధానిగా ఆ రెండు దఫాలనీ ఒకే గాటన కట్టకండి. 1834-35లో రాజు ఒట్టో మైనరు, పెత్తనమంతా అతని తరఫున పాలించడానికి బవేరియా నుంచి వచ్చిన రాజప్రతినిధులది. రాజుకి వయసు రాగానే ఆ ప్రతినిధుల్లో ఒకడైన ఆర్మన్‌స్పెర్గ్ ఛాన్సలరయ్యాడు, కొలెట్టిస్‌ని రాయబారిగా పారిస్ పంపేశారు. ఒకరకంగా దేశబహిష్కారమే. రాజ్యాంగం కోసం జరిగిన 1843 తిరుగుబాటు తర్వాత వచ్చి, 1844 ఆగస్టు నుంచి చనిపోయేదాకా ప్రధానిగా ఉన్నాడు. ఈసారి రాజ్యాంగం ఉంది, ఎన్నికలున్నాయి. వాటిని జెండార్మ్‌లతో (సాయుధ పోలీసులు), ఊరి పెద్దమనుషులతో, ఉద్యోగాల ఎరతో నడిపించాడు.

చింతాకు:
మరి "మెగాలీ ఇదేయా", అంటే గ్రీకులందరినీ ఒకే రాజ్యం కిందికి తేవాలన్న "మహా ఆలోచన" ప్రసంగం?

గంటస్తంభం:
1844 జనవరి, రాజ్యాంగ సభలో. దాన్ని కలగా మాత్రమే చదివితే సగం పోతుంది. అప్పుడు సభలో గొడవ ఉద్యోగాల గురించి: రాజ్యం బయట పుట్టిన గ్రీకులకి ఇవ్వాలా వద్దా? సిర్రాకో అప్పటికి ఒట్టోమన్ల కిందే ఉంది, కాబట్టి అది కొలెట్టిస్ సొంత సమస్య కూడా. అందుకే గ్రీకు రాజ్యమే మొత్తం గ్రీసు కాదు, యానినాలో, కాన్‌స్టాంటినోపుల్‌లో, ట్రెబిజాండ్‌లో ఉన్నవాడూ గ్రీకే అని వాదించాడు. చప్పట్లు ఎన్ని పడినా, బయటివాళ్ళని కొన్నేళ్ళు ఉద్యోగాలకి దూరంపెట్టే తీర్మానమే నెగ్గింది.

పాతనాణెం:
ఆ మాటల తాలూకు చిక్కు 1847లో తగిలింది. ఒట్టోమన్ల మీద తిరుగుబాటు చేసిన కరతాసోస్‌కి ఒట్టోమన్ రాయబారి ముసూరోస్ వీసా ఇవ్వనన్నాడు. కరతాసోస్ అప్పటికి రాజు అంగరక్షక అధికారి. రాజభవనంలో జరిగిన నాట్యవేడుకలో ఒట్టో అందరి ముందూ ముసూరోస్‌ని తప్పుపట్టాడు. ఇస్తాంబుల్ క్షమాపణ అడిగింది, కొలెట్టిస్ దిగిరాలేదు, రెండు దేశాల సంబంధాలు తెగిపోయాయి. అదే ఏడు సెప్టెంబరులో, పదవిలో ఉండగానే కొలెట్టిస్ పోయాడు.