గ్రిఫిత్‌కి మారుతున్నాం, అక్కడ ఎలాంటి మనుషులుంటారు?

తెనాలిఅమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మా ఆయనకి న్యూ సౌత్ వేల్స్‌లోని గ్రిఫిత్‌లో జాబ్ వచ్చింది, 491 వీసా (పెద్ద సిటీలకి దూరంగా ఉండాల్సిన తాత్కాలిక వీసా), జనవరిలో మారాలి. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో టార్నీట్‌లో ఉంటున్నాం, ఇక్కడ నాలుగు గుమ్మాలు దాటితే తెలుగు వినపడుతుంది కాబట్టి పరాయి దేశంలో ఉన్నాననే అనిపించలేదు నాకు ఇన్నాళ్లూ. మ్యాప్‌లో చూస్తే అది 450 కిలోమీటర్ల దూరం, చుట్టూ పొలాలు తప్ప ఏం లేవు. తెలిసినావిడ ఒకరు అక్కడంతా ముసలి రైతులే ఉంటారు, మన రంగు మొహం కనపడదు అన్నారు. పాపకి ఐదేళ్లు, కిండీలో వెయ్యాలి. అక్కడ ఉన్నవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

రివరీనా_రాజు:
చెల్లెమ్మా, నేను గ్రిఫిత్ వచ్చి తొమ్మిదేళ్లు. ఆవిడ చెప్పింది చుట్టుపక్కల చిన్న ఊళ్లకి చాలావరకు నిజమే, గోధుమ, గొర్రెలు ఉన్న మెట్ట ప్రాంతంలో పొలాలు కలిసిపోయి పెద్దవైపోయాయి, నాలుగు కుటుంబాలు బతికిన చోట ఇప్పుడు ఒక్క కుటుంబం, పన్నెండో క్లాసు అవ్వగానే పిల్లలు చదువుకి సిటీకి పోతారు, చాలామంది తిరిగి రారు. ఫుట్‌బాల్ టీమ్‌కి మనుషులు చాలక ఊళ్లకి ఊళ్లు క్లబ్బులు కలిపేసుకున్నాయి, గాన్‌మెయిన్, గ్రాంగ్ గ్రాంగ్, మటాంగ్ అని మూడు ఊళ్ల పేర్లతో ఒకే క్లబ్బు ఉంది ఇక్కడ.

కానీ గ్రిఫిత్ అలా కాదు. 2021 సెన్సస్‌లో సిటీ కౌన్సిల్ పరిధి మొత్తం దాదాపు 27 వేల మంది. ఇది కాలవ కట్టాక పుట్టిన ఊరు. 1912లో మరంబిడ్జీ నది నీళ్లు ఇటు మళ్లించారు, 1916లో ఊరు ఏర్పడింది, ప్లాన్ గీసింది కాన్‌బెరా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్, అందుకే వీధులు గుండ్రంగా తిరుగుతాయి, మొదట్లో మీరు దారి తప్పుతారు, కంగారు పడకండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి బ్లాకులు ఇచ్చారు (ఇక్కడ తోట భూమిని బ్లాక్ అనే అంటారు), చాలామంది వల్ల కాక వదిలేస్తే బ్రోకెన్ హిల్ గనుల్లోంచి వచ్చిన ఇటాలియన్లు కొనుక్కున్నారు. ముందు ఉత్తర ఇటలీలోని వెనెటో వాళ్లు, రెండో యుద్ధం తర్వాత దక్షిణాన ఉన్న కలాబ్రియా వాళ్లు. ఇప్పుడు వైన్ కంపెనీలు, నారింజ తోటలు, కాఫీ షాపులు ఎక్కడ చూసినా ఆ ఇంటిపేర్లే. వాళ్ల తర్వాత పంజాబీలు, ఫిజీ, సమోవా, టాంగా వాళ్లు, అఫ్గాన్ వాళ్లు. జూన్ లాంగ్ వీకెండ్‌లో సిక్కుల ఆటల పోటీలు, కబడ్డీ జరుగుతాయి, దేశం నలుమూలల నుంచి వస్తారు, ఆ రెండు రోజులు లంగర్‌లో (సిక్కుల ఉచిత భోజనశాల) ఎవరు వెళ్లినా భోజనం పెడతారు. రంగు గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఇంకొకటి, ఈ నేల విరాజురి అనే ఇక్కడి ఆదివాసులది. చాలామంది ఊరి కథ 1916 నుంచే మొదలెడతారు, నేనూ పైన అలాగే మొదలుపెట్టాను, అది తప్పు. డార్లింగ్టన్ పాయింట్ దగ్గర 1880లో వారంగెస్డా అనే మిషన్ పెట్టి వాళ్లని అక్కడ ఉంచారు, అది మూసేశాక కొన్ని కుటుంబాలు గ్రిఫిత్ వైపు వచ్చాయి, పళ్లు కోసే పనిలో వాళ్ల చెమట చాలా ఉంది.

కోనసీమ_వరి:
రాజు అన్నా బాగా చెప్పారు, నేను పంటల వైపు నుంచి కలుపుతా. నేను అగ్రానమిస్ట్‌ని, దగ్గర్లోని లీటన్ ఊళ్లో పని. ఇక్కడ జనం ఎందుకు పెరుగుతారు ఎందుకు తగ్గుతారు అంటే నీళ్లు చూడాలి అండి. మన ఆయకట్టులా పొలంతో పాటు నీళ్లు రావు, నీళ్ల హక్కు వేరే ఆస్తి, విడిగా కొనొచ్చు అమ్మొచ్చు. ద్రాక్ష, నారింజ లాంటి తోటల వాళ్లు ఎక్కువగా హై సెక్యూరిటీ (కరువులోనూ ముందుగా ఇచ్చే) నీళ్లు పెట్టుకుంటారు, వరి వాళ్లది ఎక్కువగా జనరల్ సెక్యూరిటీ, అంటే డ్యాముల్లో నీళ్లు లేని ఏడు మొదట ఎండేది వరే. మంచి ఏడు హెక్టారుకి పది టన్నులు పండుతుంది, మన లెక్కలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 50 పైనే, ఊడ్పులు ఉండవు, కొందరు విమానంతో చల్లుతారు కొందరు డ్రిల్లుతో వేస్తారు. అదే 2019-20 కరువులో వరి చేలు దాదాపు ఖాళీ. చేను ఖాళీ అయితే మిల్లులో షిఫ్ట్ పోతుంది, షిఫ్ట్ పోతే ఆ కుటుంబం వెళ్లిపోతుంది, స్కూల్లో ఒక టీచర్ పోస్టు తగ్గుతుంది. అందుకే 2010లో సాగు నీళ్లు తగ్గించి నదికి వదలాలని ప్లాన్ డాక్యుమెంట్ తెస్తే గ్రిఫిత్‌లో జనం దాని కాపీలు తగలబెట్టారు. నదికి నీళ్లు కావాలన్నదీ నిజమే, వీళ్ల భయమూ నిజమే, గోదావరి కాలవ గట్టు మీద పెరిగినవాణ్ణి కాబట్టి నాకు రెండూ అర్థమవుతాయి.

లక్ష్మి_రీజనల్:
అమ్మాయ్, నేను ఆడవాళ్ల సంగతి చెప్తాను. మా పక్కింటి నోన్నా (ఇటాలియన్ బామ్మ) ఎండాకాలం వస్తే కొడుకుల్ని కోడళ్లని మనవల్ని అందర్నీ పిలిచి పెరట్లో బాక్సుల కొద్దీ టమాటాలు ఉడికించి ఏడాదికి సరిపడా సాస్ సీసాలకి ఎత్తుతుంది, మొదటిసారి చూసినప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజు గుర్తొచ్చి ఏడ్చేశాను. రెండో ఏడు నన్నూ పిలిచి మిషన్ దగ్గర కూర్చోబెట్టింది.

కష్టం కూడా చెప్పాలి. అద్దె ఇళ్లు దొరకవు, కోతల సీజన్‌లో బ్యాక్‌ప్యాకర్లు, పసిఫిక్ దీవుల పనివాళ్లు ఒక్కో ఇంట్లో కిక్కిరిసి ఉంటారు, మాకు ఒక ఏజెన్సీ వాళ్లు ఇల్లు ఖాళీ ఉండి కూడా లేదన్నారు. స్పెషలిస్టు డాక్టర్ అంటే వాగా వాగా అనే పెద్ద ఊరికో సిటీకో పోవాలి. అన్నిటికన్నా నాకు బాధ వేసేది, మన ఇండియన్ కుటుంబాలు 491 మీద వచ్చి, మూడేళ్లు అయ్యి 191 (పర్మనెంట్ వీసా) రాగానే సామాను సర్దేస్తారు. తప్పు పట్టను, వాళ్ల అవసరాలు వాళ్లవి. కానీ మా బాబుకి ఈ ఐదేళ్లలో ముగ్గురు ప్రాణ స్నేహితులు వెళ్లిపోయారు. ఊరి వాళ్లు కూడా మొదట్లో మనతో కొంచెం ఆగి మాట్లాడతారు, మీరు ఉండేవాళ్లా పోయేవాళ్లా అని చూస్తారనుకుంటా, నేను నెట్‌బాల్ క్యాంటీన్‌లో డ్యూటీ చెయ్యడం మొదలెట్టాకే నన్ను పేరు పెట్టి పిలిచారు.

తెనాలిఅమ్మాయి:
చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యలూ. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. మేమూ మూడేళ్లే అనుకుని బయల్దేరుతున్నాం అక్కా, మీ మాట చదివాక ఏమనాలో తెలియట్లేదు. ఇల్లు ఇప్పట్నుంచే వెతకాలా?

లక్ష్మి_రీజనల్:
ఇవాళే మొదలుపెట్టు. ద్రాక్ష కోతలు ఫిబ్రవరికల్లా ఊపందుకుంటాయి, ఆలోపే పట్టుకోవాలి. హాన్‌వుడ్, యెండా కూడా చూడు, కారులో ఎంతోసేపు పట్టదు. దొరక్కపోతే మా ఇంట్లో ఒక గది ఉంది, పాప కిండీలో చేరేదాకా ఉండొచ్చు, మెసేజ్ చెయ్యి.