సుమోలు గాల్లోకి లేవని సీమ సినిమా ఏదైనా ఉందా?

వేరుశనక్కాయ, అనంతపురం

కంటి ఆపరేషన్ తర్వాత మా అత్త మా ఇంట్లోనే ఉంది. కళ్యాణదుర్గం పక్క పల్లె మనిషి. టీవీ చూడొచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి రాత్రి అన్నం తినగానే అందరం సినిమా ముందు కూర్చుంటున్నాం. రిమోట్ మా ఆయన చేతిలో ఉంటే సమరసింహారెడ్డి, ఆది, ఇంద్ర, మళ్ళీ సమరసింహారెడ్డి.

మొన్న ఒక ఫైట్ మధ్యలో అత్త అడిగింది: "ఎప్పుడు జూసినా ఈ ఇంటి ముందర యాభై మంది తెల్ల పంచెలు కట్టుకొని నిలబడుంటారు గదా, ఈళ్ళందరికీ సంగటి ఎవురు కెలుకుతారు? ఆ పంచెలు ఎవురు ఉతుకుతారు?" మా ఆయన దగ్గర జవాబు లేదు. నేనూ ఇన్నేళ్ళు చూశాను గానీ వంటిల్లు చూపించలేదని ఎప్పుడూ గమనించలేదు.

అరవింద సమేత పెడితే మాత్రం అత్త కదలకుండా చూసింది. ఆమెకు హీరో కన్నా అతని జేజి (నాయనమ్మ) నచ్చింది. మొదట్లో నరుకుడు ఎక్కువే. కానీ నరికేసిన తర్వాత ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ సంగతేంటని అడిగిన సినిమా అది. విలన్ బసిరెడ్డి భార్యగా ఈశ్వరీరావు నాకు జగపతిబాబు కన్నా బాగా గుర్తుండిపోయింది. పెంచల్ దాస్ రాసిన రెడ్డెమ్మ తల్లి పాటకు అత్త సౌండ్ పెంచమంది. అయితే అందులోనూ కథంతా పెద్దిళ్ళదే.

నేను టైలరింగ్ షాపు నడుపుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో బోరు వేయించి నీళ్ళు పడనివాళ్ళున్నారు, శనక్కాయ పంట పోయి బెంగుళూరు బస్సెక్కినవాళ్ళున్నారు, ఫైనాన్స్ కంతు కట్టలేక తలుపేసుకునేవాళ్ళున్నారు. ఇలాంటివాళ్ళు కనిపించే సీమ సినిమా ఏదైనా మీరు ఈ మధ్య చూసి ఉంటే చెప్పండి. పల్లెటూరి అందాలు, పచ్చని పొలాలు వద్దు. అవి గోదావరి వాళ్ళకి ఎటూ ఉన్నాయి.

మడకశిర బస్సు

అక్కా, సినిమా బండి చూడండి. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చింది, థియేటర్లకు రాలేదు. ఆటో నడుపుకునే వీరబాబు బండిలో ఎవరో కెమెరా మర్చిపోతారు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే గణపతిని తోడు పెట్టుకుని సినిమా తీద్దామంటాడు. వచ్చే డబ్బుతో ఊరు బాగు చేయాలని ఆశ. హీరో క్షౌరం చేసేవాడు, హీరోయిన్ కూరగాయలమ్మే ఆమె. కథ ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో జరుగుతుంది, అందుకే వాళ్ళ మాట మా ఇంట్లో మాటలాగే ఉంది. షూటింగ్‌లో తప్పులు పట్టే పిల్లోడున్నాడు, వాడి కోసమైనా చూడాలి.

ఒక్క మాట. నెమ్మదిగా పోతుంది. మా నాన్న అరగంటకే పడుకున్నాడు.

బురుజు వీధి, కర్నూలు

అందరూ ఫ్యాక్షన్ సినిమాల మీదే పడతారేమప్పా? ఒక్కడు 2003లో వచ్చింది, 2023 జనవరిలో మళ్ళీ రిలీజ్ చేశారు. అప్పుడు మా ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. తెర మీద కొండారెడ్డి బురుజు పడగానే హాల్లో ఒక్కడూ కూర్చోలేదు. కబడ్డీ ఆడటానికి హైదరాబాదు నుంచి వచ్చినవాడు, మా ఊళ్ళోనే ఓబుల్ రెడ్డి చేతుల్లోంచి భూమికను తీసుకుపోతాడు. విలన్ మా ఊరివాడైతే ఏం? ప్రకాష్‌రాజ్ లాంటి విలన్ దొరికితే ఏ ఊరైనా సంతోషించాలి.

సీరియస్‌గా చెప్పాలంటే, బయట ఊళ్ళలో రూముకోసం పోతే "కర్నూలా?" అని ఒకసారి తేరిపార చూస్తారు. అది సినిమాల వల్లే, ఒప్పుకుంటాను. అద్దె బేరంలో మాత్రం కొంచెం పనికొస్తుంది.

అరుంధతి చూపించారా అత్తకి? యాగంటి పోయేవాళ్ళు బనగానపల్లె దగ్గర ఆగి చూసే బంగళా అదే.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

అమ్మా, రిటైరైన వాణ్ణి, కొంచెం ఎక్కువ రాస్తాను.

మీరడిగినదానికి దగ్గరగా వచ్చేది కొండపొలం. మా కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలను క్రిష్ 2021లో తీశారు. కరువుకు పల్లెలో గడ్డి, నీళ్ళు లేక కాపరులు గొర్రెలను తోలుకుని నల్లమలకు పోతారు. ఉద్యోగం రాక హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన కొడుకు కూడా తండ్రి వెంట నడుస్తాడు. తండ్రిగా సాయిచంద్, తాతగా కోట శ్రీనివాసరావు. ఇక్కడ శత్రువు పక్క ఊరి రెడ్డి కాదు, రాని వాన. ఆ ఒక్క మార్పుకే నేను సినిమాకు సగం మార్కులు వేశాను. ప్రేమ పాటల దగ్గర, గ్రాఫిక్స్ పులి దగ్గర కొన్ని తగ్గించాను. నవల దొరికితే చదవండి, అందులో అడవి ఇంకా దట్టంగా ఉంటుంది.

నాకు ఎప్పటి నుంచో ఒక విచిత్రం అనిపిస్తుంది. మాయాబజార్ (1957), పాతాళభైరవి (1951) తీసిన కె.వి. రెడ్డిది మీ తాడిపత్రి. విజయా సంస్థ నాగిరెడ్డిది, ఆయన అన్న బి.ఎన్. రెడ్డిది మా కడప జిల్లా. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది. తాడిపత్రిలో రైలెక్కితే మద్రాసు. అక్కడికి పోయినవాళ్ళు తెలుగు సినిమాకే పెద్దదిక్కయ్యారు. ద్వారక చూపించారు, పాతాళం చూపించారు. ఎండిన చెరువును మాత్రం చూపించలేదు. తప్పు పట్టడం లేదు. ఇంట్లో చూస్తున్న కరువును టిక్కెట్టు కొని మళ్ళీ చూడటానికి ఎవరొస్తారని అనుకుని ఉంటారు. మల్లీశ్వరి (1951) ఒక్కటే నాకు కొంత సీమ గాలి తగిలిన సినిమా, అదైనా రాయల కాలానికి పోయింది.

ఫ్యాక్షన్ సినిమాలు తీసినవాళ్ళు మన కరువును కూడా లొకేషన్‌గానే వాడుకున్నారు. ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, వాటి మీద దుమ్ము లేపే బండ్లు. ఆ మట్టిలో ఏం పండుతుందో ఎవరూ అడగలేదు.

డిగ్రీ ఫైనలియర్

తిరుపతి కూడా సీమే కదా? 35 చిన్న కథ కాదు, 2024. లెక్కలు రాని పిల్లోడు, పది ఫెయిలైన అమ్మ మళ్ళీ పుస్తకం పట్టుకోవడం. నివేదా థామస్ సూపర్. కత్తి కాదు కదా, కనీసం చాకు కూడా లేదు.

వేరుశనక్కాయ, అనంతపురం

అందరికీ థ్యాంక్స్. సినిమా బండి, కొండపొలం రెండూ అయ్యాయి.

సినిమా బండికి మా ఆయన పడీ పడీ నవ్వాడు. అత్త నవ్వలేదు. "ఆ కెమెరా పోగొట్టుకున్న పాప గతేం?" అని చివరిదాకా అదే గోల. నాకు కూరగాయలమ్మే మంగ చాలా నచ్చింది. షూటింగ్ ఉందని బేరం వదులుకునే రకం కాదు. ఇలాంటి ఆడమనిషిని మన సినిమాల్లో చూసి ఎన్నాళ్ళయిందో.

కొండపొలం అత్తకు సొంత సబ్జెక్టు, వాళ్ళ అన్న గొర్రెలు కాసినవాడే. మొదలైన కాసేపటికే తీర్పు చెప్పేసింది: "కరువుకు అడివికి పోయే గొర్రెలు ఇంత కొవ్వుగా ఉంటాయా?" సాయిచంద్ నడకకు మాత్రం పాసు మార్కులిచ్చింది. పులి రాగానే నీళ్ళు తాగడానికి లేచిపోయింది, భయంతో కాదు. నాకైతే పెన్నా ఒడ్డు సార్ చెప్పినంత గొప్పగా అనిపించలేదు. అడవిలో అన్ని రోజులున్న హీరో చర్మం అలా మెరుస్తుంటే కరువు మీద ధ్యాస పోతుంది. కాకపోతే వాన లేకపోవడం మీద కథ నడిపారు, దానికోసం ఇంకోసారైనా చూస్తాను.

బురుజు తమ్ముడూ, అరుంధతి వద్దు. రాత్రి అత్త బాత్రూముకి లేస్తే తోడు పోవాల్సింది నేనే.

శనివారం 35 పెడతాం. సార్, మల్లీశ్వరి మంచి ప్రింటు ఎక్కడుందో తెలిస్తే చెప్పండి. మాకు దొరికినదాంట్లో భానుమతి మొహమే కనపడటం లేదు, అత్త తన ఆపరేషన్ ఫెయిలైందేమో అనుకుంటోంది.