జీవితాంతం మిషనరీ సేవకు వెళ్లాలంటే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

మారేడుపల్లి_తమ్ముడు:
అందరికీ వందనాలు. బీకాం, వయసు 26, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పూర్తికాల సేవకు పిలుపుందని మా సంఘ కాపరి కూడా ఒప్పుకున్నారు. ముందు సెమినరీకా (బైబిలు చదువుల కళాశాల), గూడేనికా? అమ్మ అడిగేది మాత్రం ఒకటే: "అరవై ఏళ్లొచ్చాక నీకు దిక్కేంట్రా?"

ఉట్నూరు_రోడ్డు:
తమ్ముడూ, మొదటి రెండేళ్లు ప్రసంగాల మాట మరిచిపో, భాషకివ్వు. తెలుగు సరిపోతుందనుకోవడమే అందరూ చేసే తప్పు. సంతకొచ్చే మగవాళ్లకు తెలుగో మరాఠీయో వచ్చు కాబట్టి చెప్పిందంతా ఎక్కుతోందనిపిస్తుంది. ఇంట్లో అవ్వలకు, చిన్నపిల్లలకు గోండీయే. వాళ్లు ఏడ్చేదీ మొక్కేదీ అందులోనే.

పొద్దున ఒకరి దగ్గర కూర్చుని ఫోన్‌లో పది వాక్యాలు రికార్డు చెయ్యి. సాయంత్రం లోపు అవే వాక్యాలు ఐదారు ఇళ్లలో వాడు, దిద్దినవి రాత్రికి రాసుకో. కుర్రాళ్ల దగ్గరే నేర్చుకోకు, వాళ్లు తెలుగు కలిపేస్తారు. గోండీ కూడా ద్రావిడ భాషే, క్రియ చివర్లోనే వస్తుంది. మోసం అక్కడే: తెలుగు వాక్యంలో గోండీ మాటలు గుచ్చి, వచ్చేసిందనుకుంటాం. ఛత్తీస్‌గఢ్ వైపు గోండీ వేరు, అక్కడి రికార్డింగులను నమ్ముకోకు.

వచ్చిందో లేదో తేలాలంటే బైబిల్లోని తప్పిపోయిన కుమారుని కథ కాగితం చూడకుండా చెప్పు. విన్న అవ్వ పక్కింటావిడకు అదే కథ తిరిగి చెప్పాలి. ఆమె దగ్గర ఎక్కడ తెగిందో, నీ భాష అక్కడ తప్పింది.

గాంధీనగర్_పాఠకుడు:
బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్రైస్తవ వేదాంత డిగ్రీ) కావాలంటే ఇక్కడ హైదరాబాద్‌లోనే ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది, పట్టా ఇచ్చేది సేరంపూర్ సెనేట్ (వేదాంత కళాశాలలకు పట్టాలిచ్చే సంస్థ). కాకపోతే అది సంఘ కాపరులకు సరిపోయే చదువు. నా లెక్కలో ముందు ఆరు నెలలు గూడెం, తర్వాతే సెమినరీ. మిషనరీగా వచ్చిన అజరయ్య గారు తమిళులు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో బిషప్ అయ్యారు, 1945లో అక్కడే కన్నుమూశారు. జీవితాంతం అంటే అది.

లెక్కల_అక్క:
నెల ఖర్చు 20,000 అనుకుంటే ఒక్క పెద్ద దాత మీద ఆధారపడొద్దు. 500 చొప్పున 40 కుటుంబాలు చాలు, కానీ 50 కుటుంబాలను చూసుకో, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. ఎక్కువగా ఆగేది ఉత్తరం రానందుకే. ప్రతి నెలా ఒక పేజీ రాయి, వచ్చిన కానుకకూ పెట్టిన ఖర్చుకూ లెక్కతో సహా.

విదేశీ కానుకలు నీ సొంత ఖాతాలోకి తీసుకోకు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదున్న సంస్థకే రావాలి, 2020 సవరణ నుంచి అదీ ముందు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే. ఆ సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయడమూ కుదరదు.

అమ్మకు జవాబు: ఇప్పుడే పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా తెరువు. గడువు 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. నెలకు 2,000 వేస్తే అరవయ్యో ఏటికి అసలే 8.16 లక్షలు, వడ్డీ వేరు. ఆరోగ్య బీమా ఉద్యోగం మానకముందే తీసుకో.

మారేడుపల్లి_తమ్ముడు:
అక్కా, ఈ లెక్క ఈ రాత్రే అమ్మకు చూపిస్తా. చట్టం సంగతో?

గాంధీనగర్_పాఠకుడు:
రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తుంది. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. ఒడిశాలో మత మార్పిడుల మీద 1967 నుంచే ప్రత్యేక చట్టం ఉంది, సరిహద్దు దాటే ముందు అవతలి రాష్ట్రం చట్టం చదువు. ప్రార్థన పక్కన బియ్యం, అప్పు, ఉద్యోగం మాట రానివ్వకు. జబ్బు మనిషికి ప్రార్థన చేస్తే టీబీ మాత్రలు ఆపొద్దని కూడా అదే నోటితో, గోండీలోనే చెప్పు.